కార్డు పరిమితి తగ్గినప్పుడు

"మీ క్రెడిట్ కార్డు పరిమితి 1,00,000 రూపాయల నుండి 40,000 రూపాయలకు తగ్గించబడినది" అని బ్యాంకు కబురు పంపితే ఏ ఇంటివారైనా కలవరపడతారు. ఆపదలో అక్కరకు వస్తుందనుకున్నది చేజారినట్లనిపిస్తుంది. అయితే ఆ పరిమితి మన సొమ్ము కాదు. మనం చేయదగిన అప్పుకు బ్యాంకు గీసిన గీత. గీసినవారు దాన్ని జరపగలరు.

కాని చెప్పకుండా జరపరాదు. పరిమితి తగ్గిస్తే కార్డుదారునికి తెలియజేయాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. తెలియజేయకుంటే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో బదులు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు.

తగ్గించడానికి కారణం కూడా అడగండి. వాయిదాలు ఆలస్యమవడం, ఇతర అప్పులు పెరగడం, కార్డు వాడకపోవడం సాధారణ కారణాలు. ఒక్కోసారి మీది కాని అప్పు మీ పేర నమోదై ఉండవచ్చు. సిబిల్ వంటి సంస్థలు ఏటా ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తెప్పించి చదవండి, తప్పుంటే దిద్దించండి.

ఇక లెక్క చూడండి. 30,000 రూపాయల బాకీ నిన్నటి పరిమితిలో 30 శాతం. నేడు 75 శాతం. అప్పు పైసా పెరగకపోయినా స్కోరు తగ్గవచ్చు. కనుక ముందు బాకీ తగ్గించండి. కనీస మొత్తం మాత్రమే కడితే వడ్డీ పడుతుంది. కొత్త కొనుగోళ్లకూ వడ్డీలేని గడువు పోతుంది. కార్డు మీద నెలనెలా పోయే బీమా, ఫోను బిల్లులకు పరిమితి సరిపోతుందో చూసుకోండి. లోటు పూడ్చడానికి మరో కార్డు తీసుకోకండి.

ఈ సంగతి భార్యాభర్తలు ఒకరికొకరు దాచుకోవద్దు. కూర్చుని మాట్లాడుకోండి. నెలకు 500 రూపాయలైనా పక్కన పెట్టడం మొదలుపెట్టండి. ఆ సొమ్ముకు గీత గీసేవారు మీరే.