వెన్న శాతంలో తేడా: నిజమా, కాకతాళీయమా?

“మన సంఘంలో ఏడు వచ్చిన వెన్న, కేంద్రానికి పోయేసరికి ఆరు చిల్లర అవుతోంది” అన్న మాట సభ్యులందరూ విన్నదే. ఒకరిద్దరు అంటే పోనీలే అనుకుంటాము. సర్వసభ్య సమావేశంలో నలుగురూ లేచి అంటే కోపతాపాలు పెరుగుతాయి. ఈ సంగతిని కాగితం, పెన్సిలు పెట్టి తేల్చే పద్ధతి ఒకటి ఉన్నది.

ముందుగా నమూనా. క్యానులోని పాలను బాగా కలియబెట్టాలి. మీగడ తేలిన పాలనుంచి తీసిన నమూనాకు విలువ లేదు. ఒకే నమూనాను రెండు సీసాలలో పోసి, ఒకటి సంఘంలోను, రెండవది శీతలీకరణ కేంద్రంలోను పరీక్షించాలి. ఇలా పది రోజులు. ఏ పది రోజులన్నది ముందే నిర్ణయించుకోవాలి. తరువాత మనకు నచ్చని రోజును కొట్టివేయరాదు.

రోజూ సంఘం అంకె నుంచి కేంద్రం అంకెను తీసివేయండి. తేడాలు ఇలా వచ్చాయనుకుందాం: 0.2, 0.1, 0, 0.3, 0.1, −0.1, 0.2, 0.1, 0.2, −0.1.

రెండుచోట్ల సగటులు విడివిడిగా తీసి పోల్చరాదా అని అడగవచ్చును. గేదె పాలలో వెన్న ఒకనాడు 6.2 ఉంటే మరొకనాడు 7.4 ఉండవచ్చు, మేత మారినా, పాడి ముదిరినా మారుతుంది. ఈ ఊగిసలాటలో 0.1 తేడా కంటికి ఆనదు. ఒకే పాలను రెండుచోట్ల చూసి తీసివేస్తే ఆనాటి ఎక్కువతక్కువలు కొట్టుకుపోయి, కొలతలోని తేడా ఒక్కటే మిగులుతుంది. కిటుకంతా ఇక్కడే. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన గోసెట్ అనే ఆయన 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ఈ లెక్కను ప్రకటించాడు. ఆయన చూపిన ఉదాహరణ పదిమంది రోగులకు రెండు నిద్రమందులిచ్చి, ఒక్కొక్కరికి నిద్రలో వచ్చిన తేడా తీయడం.

ఇక మన లెక్క. తేడాల మొత్తం 1.0, సగటు 0.1. ప్రతి తేడా సగటుకు ఎంత దూరమో చూసి, ఆ దూరాల వర్గాలను కూడితే 0.16. దీనిని పదితో కాక తొమ్మిదితో భాగించాలి. సగటును కూడా ఈ అంకెలనుంచే తీశాము గనుక ఒకటి తగ్గుతుంది. వర్గమూలం తీస్తే 0.133. దానిని పది వర్గమూలమైన 3.16తో భాగిస్తే 0.0422. సగటు 0.1ని దీనితో భాగిస్తే 2.37.

పట్టికలో తొమ్మిదికి ఎదురుగా, నూటికి అయిదు వరుసలో 2.26 ఉంటుంది. మనది దానిని దాటింది. తేడా నిజంగా లేకపోతే ఇంత పెద్ద అంకె నూటికి అయిదుసార్లు కూడా రాదు. కనుక ‘తేడా లేదు’ అన్న వాదం నిలవదు. ఏ 1.5 వచ్చి ఉంటే తేడా లేదని కాదు, ఈ పది రోజులతో తేలలేదని మాత్రమే అర్థం.

0.1 ఏపాటిదని తోచవచ్చు. రోజుకు 200 కిలోల పాలు పోసే సంఘానికి అది 200 గ్రాముల వెన్న, నెలకు 6 కిలోలు.

అయితే తప్పు ఎవరిదో ఈ లెక్క చెప్పదు. గెర్బర్ పరీక్షలో ఆమ్లం 10 మి.లీ., పాలు 10.75 మి.లీ., అమైల్ ఆల్కహాలు 1 మి.లీ. ఉండాలి. పిపెట్టు మన దగ్గరే తప్పి ఉండవచ్చు. రెండుచోట్ల బుటిరోమీటర్లను మార్చుకొని మరల పది రోజులు చూడండి.

ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి పొందిన సి.ఆర్.రావు గారి పేరిట గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక సంస్థ ఉన్నది. హైటెక్ సిటీ ఇళ్లకు పాల ప్యాకెట్లు పోయే దారికి అది ఎంతో దూరం కాదు.