పరదేశపు పట్టణములో బండి నడుపువాడు

చదువవలసిన భాగములు: యిర్మీయా 29:1-14, రోమా 13:1-7



బబులోనునకు చెరగా పోయినవారికి యిర్మీయా ప్రవక్త యెరూషలేమునుండి ఒక ఉత్తరము వ్రాసెను. స్వదేశమును మరచిపొమ్మని ఆయన చెప్పలేదు. పరాయి పట్టణమని దానిని ద్వేషింపుమనియు చెప్పలేదు. తాము కాపురమున్న చోటికి మేలు కలుగునట్లు ప్రవర్తింపవలెననియు, ఆ పట్టణము బాగుండిననే తామును బాగుందురనియు బోధించెను.

ఈ బోధ మన సంఘములకు దూరమైనది కాదు. కోనసీమనుండియు, కడప, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల పల్లెలనుండియు అనేకులు గల్ఫు దేశములకు పోయి యున్నారు. చెరగా కాదు, బ్రతుకుతెరువు కొరకు పోయిరి. వారిలో డ్రైవర్లుగా ఉన్నవారు కొందరు. అట్టివాడు తానున్న పట్టణముయొక్క మేలు కోరుట యనగా నేమి? దాని వీధులలో ఎవరికిని హాని కలుగకుండ బండి నడుపుటయే మొదటి మెట్టు. దుబాయి పట్టణమును దృష్టాంతముగా తీసికొని ఈ సంగతి ఆలోచింతము.

1. పాత అలవాటును విడువవలెను

మన దేశములో బండ్లు రోడ్డునకు ఎడమ ప్రక్కను నడుచును. దుబాయిలో కుడి ప్రక్కను నడుచును. అచ్చటి కారులో స్టీరింగు ఎడమవైపున ఉండును. గేరు కుడిచేతితో వేయవలెను. రౌండెబౌటు చుట్టును మన బండ్లు తిరుగు దిక్కునకు ఎదురు దిక్కుగా తిరుగవలెను. లోపల తిరుగుచున్న బండికి దారియిచ్చి, ఎడమవైపు చూచి, ఆ తరువాతనే ప్రవేశింపవలెను. కాలినడకను రోడ్డు దాటువాడును మొదట ఎడమవైపే చూడవలెను, బండి వచ్చునది అటునుండియే.

మొదటి దినమున అందరికిని భయముండును గనుక జాగ్రత్తగా నడుపుదురు. అపాయము తరువాత వచ్చును. కొన్ని వారములు గడచి ధైర్యము కలిగినప్పుడు, తెల్లవారుజామున ముందు ఏ బండియు లేని వీధిలోనికి తిరుగునప్పుడు, అలసిన మనస్సు ఊరి అలవాటును జ్ఞాపకము చేయును. చేయి తెలియకుండనే ఎడమ ప్రక్కకు త్రిప్పును.

ఎడమ మంచిదా, కుడి మంచిదా అని వాదించుట వ్యర్థము. స్వీడను దేశమువారు బహుకాలము ఎడమ ప్రక్కను నడిపి, 1967 సెప్టెంబరు 3వ తేదీ ఉదయము 5 గంటలకు దేశమంతయు ఒక్కసారి కుడి ప్రక్కకు మారిరి. ప్రక్క ఏదైనను, అందరును ఒకే కట్టుబాటునకు లోబడుటలోనే క్షేమమున్నది.

2. నేర్చుకొనుటకు తగ్గించుకొనవలెను

మన ఘాటు రోడ్లమీద ఇరువది సంవత్సరములు లారీ నడిపినవాడైనను, దుబాయిలో నివాసమునకు పోయినప్పుడు ఇండియా లైసెన్సు చూపి నడుపుటకు వీలులేదు. నియమములను గూర్చిన పరీక్షయు, రోడ్డుమీద పరీక్షయు ఇయ్యవలెను. తప్పినవాడు మరల రుసుము చెల్లించి మరల పరీక్షకు కూర్చుండవలెను. కుమారుని వయస్సుగలవాని ప్రక్కను శిష్యునివలె కూర్చుండుట కొందరికి కష్టముగా తోచును. సిరియా సేనాధిపతియైన నయమాను కథను అట్టివారు చదువుదురు గాక. మన నదులు మేలైనవి కావా అని అతడు కోపించినంతకాలము బాగుపడలేదు. తగ్గించుకొని యొర్దానులో దిగినప్పుడే స్వస్థత పొందెను.

ఒకచోట నేర్చుకొన్నది మరియొకచోట చాలకపోవచ్చును. దుబాయిలో ఫలకముమీద వ్రాసిన వేగమునకు పైన గంటకు 20 కిలోమీటర్లు మించువరకు కెమెరా పట్టదు. అబూధాబీలో ఈ వెసులుబాటును 2018 ఆగస్టులో తీసివేసిరి. ఒకే రోడ్డుమీద ఒక గంట ప్రయాణములోనే నియమము మారుచున్నది. కాబట్టి తోటివాని మాటను కాక ఫలకమును చూచి నడుపవలెను.

3. మనస్సాక్షినిబట్టి నడుపవలెను

అచ్చట శిక్షలు కఠినమైనవి. ఎఱ్ఱదీపము దాటినవానికి 1000 దిర్హములు, అనగా మన రూపాయలలో ఇరువది వేలకు మించిన జరిమానా. దానితోకూడ 12 నల్ల గుర్తులు వేసి బండిని 30 దినములు పట్టియుంచుదురు. గుర్తులు 24 అయినయెడల లైసెన్సును నిలిపివేయుదురు. ఫోను చేతపట్టి నడిపినవానికి 800 దిర్హములును, 4 గుర్తులును. మద్యము కొంచెము త్రాగి నడిపినను నేరమే. బడి బస్సు ఆగి, తన ప్రక్కనున్న ఆగుమను ఫలకమును చాచినప్పుడు, వెనుకనున్న బండ్లు 5 మీటర్ల దూరమున నిలువవలెను.

అజాగ్రత్తవలన మనుష్యుడు చనిపోయినయెడల చెరసాలయు, మృతుని కుటుంబమునకు దియా అను ప్రాణపరిహారమును ప్రాప్తించవచ్చును. అప్పు చేసి విమానమెక్కినవాని ఇల్లు ఒక్క క్షణములో కూలిపోవును. అయితే కూలిన రెండవ యింటిని మరువకూడదు. చనిపోయినవాడును ఒక తల్లి కుమారుడే. తరచుగా అతడును మనవానివలె పొట్ట చేతపట్టుకొని పోయిన కూలివాడే.

లోబడుట శిక్షాభయమువలన మాత్రమే కాక మనస్సాక్షినిబట్టియు ఉండవలెనని పౌలు రోమా సంఘమునకు బోధించెను. కెమెరా ఉన్నచోట మెల్లగాను, లేనిచోట వడిగాను నడుపువాడు జరిమానాకు భయపడుచున్నాడు. రెండుచోట్లను ఒకే రీతిగా నడుపువాడు తన పొరుగువానిని ప్రేమించుచున్నాడు.

4. ఇంటనున్నవారి పాలు

ఈ పాఠము ఊరిలోనున్న మనకును చెందినదే. దుబాయి గడియారము మన గడియారముకంటె గంటన్నర వెనుక నడుచును. మనము రాత్రి 8 గంటలకు భోజనము ముగించి కుమారునికి ఫోను చేయునప్పుడు, అచ్చట సాయంకాలము 6.30 గంటలు. రోడ్లన్నియు బండ్లతో నిండియున్న వేళ అది. అమ్మ పిలుచుచున్నదే, ఏమైనదో అని అతని చేయి ఫోనుకు పోవును. అతడు పని ముగించుకొని తానే పిలుచు వేళను ముందుగా ఏర్పరచుకొనుడి. ఒకసారి పలుకకపోయిన కోపింపకుడి.

అప్పులవాడు వాకిట నిలిచియున్నాడనియు, ఈ నెల ఎక్కువ పంపుమనియు దినదినము ఒత్తిడి చేయకుడి. ఆ ఒత్తిడిచేత నిద్ర మాని అదనపు పనికి పోవువాడు కన్నుమూత పడుచుండగా బండి నడుపును. చలికాలపు ఉదయములలో అచ్చట దట్టమైన పొగమంచు కమ్మును. 2008 మార్చి 11వ తేదీ ఉదయము దుబాయి, అబూధాబీల నడుమ రోడ్డుమీద మంచులో పెక్కు బండ్లు ఒకదానినొకటి ఢీకొని ప్రాణనష్టము కలిగెను. అట్టి వేళలో బండి ఆపి, మంచు విడువనిచ్చి, ఆలస్యముగా పోవుట సోమరితనము కాదు. “ఆలస్యమైనను ఫరవాలేదు, క్షేమముగా రమ్ము” అని ఇంటివారు చెప్పిన మాట, ఒక్కొక్కప్పుడు అతడు పంపు డబ్బుకంటె ఎక్కువ విలువగలది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘమునుండి పరదేశములో బండి నడుపుచున్నవారు ఎవరెవరు? వారి పేళ్లు మన ప్రార్థనలో వచ్చుచున్నవా?

2. వారున్న పట్టణము కొరకును, అచ్చటి రోడ్డుమీద నడుచు పరాయివారి కొరకును మనము ఎన్నడైన ప్రార్థించితిమా?

3. మన ఊరి రోడ్డుమీద, చూచువారెవరును లేనప్పుడు, మనము ఏలాగు నడుపుచున్నాము?