లక్క ఆరేలోపు

చార్మినార్‌కు నాలుగు వైపులా నాలుగు గడియారాలు ఉన్నాయి. వాటిని 1889లో పెట్టారు. ఆ పక్కనే లాడ్ బజార్. లక్క గాజులకు పేరు పడిన బజారు అది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ గాజులు పాతబస్తీ గల్లీల్లో తయారవుతాయి. చిన్న చిన్న కార్ఖానాల్లో, ఇళ్ళలో చేస్తారు. లక్కను బొగ్గుల వేడికి మెత్తబరుస్తారు. సాగదీసి గుండ్రంగా చుడతారు. వేడి మీదే రాళ్ళు, అద్దాలు అద్దుతారు. లక్క ఆరితే రాయి పట్టదు. మళ్ళీ వేడి చేయాలి. అందుకే ఈ పనిలో కాలం విలువ చాలా ఎక్కువ.

ఒక కార్ఖానా సంగతి చూడండి. అక్కడ ఆరుగురు ఆడవాళ్ళు పని చేస్తారు. జతకు ఇంత అని కూలి. రంజాన్ దగ్గర పడింది. పెద్ద ఆర్డర్ వచ్చింది. సరుకు అందడం లేదు. సేటుకు కోపం వచ్చింది.

"ఇంకో రెండు గంటలు కూసోండ్రి. రాత్రి ఎనిమిదికి పోండ్రి" అన్నాడు.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాత్రి ఎనిమిదికి ఇంటికి పోతే వంట ఎప్పుడు? నీళ్ళు ఎవరు పట్టాలి? పిల్లలకు అన్నం ఎవరు పెట్టాలి?

వారిలో ఒక అక్క రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆమె ఒక వారం పాటు పాత క్యాలెండర్ వెనుక రోజూ రాసింది. ఏ పని ఎన్ని గంటలకు మొదలైంది? ఎప్పుడు ఆగింది? ఎందుకు ఆగింది? వారం చివర కాగితం సేటు ముందు పెట్టింది.

"సేటూ, మేం పొద్దుగాల తొమ్మిదింటికి వస్తున్నం. రాళ్ళు పదింటికి వస్తున్నయి. రంగులు ఏరేసరికి ఇంకో అరగంట. బొగ్గులు రాజుకునేదాంక ఇంకో అరగంట. రోజుకు రెండు గంటలు చేతులు ముడుసుకుని కూసుంటున్నం."

ఆరు రోజులకు పన్నెండు గంటలు! సేటు అడిగిన గంటలు కూడా పన్నెండే. పోయిన కాలాన్ని రాత్రిపూట వెతుకుతున్నారన్నమాట.

నష్టం సేటుకే కాదు. జత లెక్కన కూలి తీసుకునేవారికి ఖాళీగా కూర్చున్న గంటకు పైసా రాదు.

సేటు కాగితం రెండుసార్లు చదివాడు. మరునాటి నుంచి పద్ధతి మారింది. రాళ్ళు ముందు రోజు సాయంత్రమే వచ్చాయి. రంగుల వారీగా డబ్బాల్లో పోశారు. ఆడవాళ్ళు వచ్చేసరికి కుంపటి రాజుకుని ఉంది. ఏ సరుకు ఏ రోజుకు ఇవ్వాలో గోడ మీద రాశారు. ఆరింటికే అందరూ ఇల్లు చేరారు. సరుకు కూడా పెరిగింది.

ఎక్కువ గంటలు చేస్తే ఎక్కువ సరుకు వస్తుందా? ప్రతిసారీ రాదు. అలసిన కళ్ళకు రాయి సరిగా కనబడదు. చెయ్యి కాలుతుంది. గాజు పాడవుతుంది. 1914 నుంచి 1918 వరకు మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. అప్పుడు ఇంగ్లండులో ఎందరో ఆడవాళ్ళు మందుగుండు ఫ్యాక్టరీల్లో పని చేశారు. ప్రభుత్వ కమిటీ ఒకటి వారి పనిని లెక్క కట్టింది. గంటలు తగ్గించిన కొన్ని చోట్ల సరుకు తగ్గలేదు, పెరిగింది.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పని అని చెప్పింది. అంతకు మించి చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలన్నది. 2020లో పార్లమెంటు చేసిన కొత్త చట్టంలో కూడా రెట్టింపు కూలి మాట ఉంది. కానీ చిన్న కార్ఖానాల్లో, ఇళ్ళలో పని చేసేవారికి చట్టం అందడం కష్టం. చేసిన గంటలు రాసి ఉంటే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

గుర్తుంచుకోండి
పని మొదలయ్యే ముందే సామాను సిద్ధంగా ఉండాలి.
వచ్చిన టైము, పోయిన టైము రాసుకోవాలి.
అలసిన చేతికి విశ్రాంతి ఇవ్వాలి.

లెక్క చేయండి
ఒక అక్కకు గంటకు 30 రూపాయల పని అవుతుంది. రోజుకు 2 గంటలు ఖాళీగా పోతే 6 రోజులకు ఎంత నష్టం?

మాట్లాడుకోండి
మీ పనిలో కాలం ఎక్కడ పోతోంది? అది ఎవరి వల్ల పోతోంది? ఒక వారం రాసి చూడండి.