వనగానము: పియానోలో అడవి, పనసలో వీణ

విజయనగరములో 1919లో మహారాజావారి సంగీత కళాశాల నెలకొన్నది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. అచ్చట బోధించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో పాశ్చాత్య వాద్యమైన వయొలిన్ అచ్చముగా మనదైపోయినది. అదే పడమటి దిక్కునుండి వచ్చిన పియానోకు మాత్రము మన కచేరీలో స్థానము లభించలేదు. కారణమేమి?

పియానోకు 88 మీటలు గలవు. మీట నొక్కినంతనే ఉన్ని తొడిగిన చిన్న సుత్తి తీగను తాకుతుంది. పుట్టిన స్వరము స్థిరము. దానిని లాగుటకుగాని ఊపుటకుగాని వీలులేదు. గమకము లేని చోట మన రాగము నిలువదు. హార్మోనియము రాలేదా అని మీరు ప్రశ్నింపవచ్చును. అది నాటకములలో పద్యమునకు తోడు నిలిచినది, అంతే.

అయితే ఈ వాద్యమునకు వేరొక శక్తి కలదు. అనేక స్వరములను ఒక్కసారిగా పలికించగలదు. అడవియనగా అనేకమే గదా! జర్మన్ విద్వాంసుడు షూమన్ 1848-49 శీతకాలములో తొమ్మిది చిన్న రచనలతో ఒక వనమాలికను కూర్చినాడు. వనప్రవేశముతో మొదలై వీడ్కోలుతో ముగియు ఈ మాలికలో పువ్వులు, వేటగాండ్రు, ఒక వింత పక్షి కలరు. నాల్గవది శాపగ్రస్తమైన ఒక తావు. అచ్చటి పువ్వుకు ఆ ఎరుపు మానవ రక్తమును త్రాగిన నేలనుండి వచ్చినదను హెబ్బెల్ కవి భావమును షూమన్ దానికి ముందుంచినాడు. లిస్ట్ 1862-63లో రచించిన వనమర్మరములో కుడిచేయి ఆకుల గలగలను వినిపించుచుండగా ఎడమచేతిలో గీతము మొదలగును. వినుటకు అది ఇంపైనదే; కాని అడవిలోని భయము నెరిగినవాడు షూమనే యని నా అభిప్రాయము.

ఫిన్లాండు దేశీయుడైన సిబేలియస్ 1914లో అడవిని విడిచి ఒక్కొక్క చెట్టునే పలుకరించినాడు. రోవన్, పైన్, ఆస్పెన్, బిర్చ్, స్ప్రూస్ అను ఐదు వృక్షములపై ఐదు రచనలు. ఆస్పెన్ ఆకు మన రావియాకువలె చిరుగాలికే వణకును. బిర్చ్ మన భూర్జమునకు దాయాది. ఇక స్ప్రూస్ సంగతి విచిత్రము. పియానోలో తీగల నాదమును పెంచు పలకను సాధారణముగా ఆ కొయ్యతోనే చేయుదురు. అనగా ఆ చెట్టు తన పాటను తానే పాడుకొనుచున్నది!

మన సంగీతము చెట్టును వర్ణించుటకు ఇంతగా పూనుకొనలేదు. మన చెట్టు వాద్యములోనే ఉన్నది. 1757 నాటి యుద్ధము వలన మీకు పరిచితమైన బొబ్బిలికి చేరువనే గొల్లపల్లి కలదు. అచ్చటి సర్వసిద్ధి వంశీయులు పనసకొయ్యతో వీణలు చేయుదురు. ఉర్దూలో సాజ్ అనగా వాద్యమనియు, సామగ్రియనియు అర్థములు గలవు. ఉలి, కొయ్య, మైనముల నడుమ కూర్చున్న ఆ శిల్పిని చూచినచో రెండర్థములు ఒకటేయని తోచును. ఏకాండి వీణలో కుండ, దండి ఒకే మానునుండి తొలువబడును. మైనములో నిలిపిన 24 మెట్లపై తీగను ప్రక్కకు లాగినచో పియానో పలుకలేని గమకము పలుకును.

దానికై ఒక చెట్టు పడవలసినదే. లేతమాను పనికిరాదు, కుండ వెడల్పునకు సరిపడు ముదురు మాను కావలెను. తొలుచునప్పుడు అందులో చాలభాగము పేళ్ళుగా రాలిపోవును. అట్టి మాను దొరకనినాడు వేర్వేరు ముక్కలను అతికి వీణను చేయుదురు. అదియు పలుకును. కాని దానిని ఏకాండి యనరు.