పెద్దప్రేగు కేన్సర్ ఆపరేషన్ తర్వాత: కాపలా కణాలు చెప్పే సంగతి

పెద్దప్రేగు కేన్సర్‌కు ఆపరేషన్ అయి, కుట్లు మానుతున్న రోజుల్లో ఇంటివాళ్ళు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సిస్టర్ గారూ, గడ్డ మొత్తం తీసేశారు కదా, మళ్ళీ వస్తుందా?" ఈ ప్రశ్నకు జవాబు వెదకడంలో మన ఒంట్లోని రోగనిరోధక కణాలు ఎలా సాయపడుతున్నాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

స్టేజి ఎలా తెలుస్తుంది?

ఆపరేషన్‌లో తీసిన ప్రేగు ముక్కను పెథాలజీ లేబొరేటరీకి పంపుతాము. గడ్డ ప్రేగు గోడలోకి ఎంత లోతుగా దిగింది, పక్కనున్న లింఫ్ గ్రంథులకు పాకిందా అని అక్కడ చూస్తారు. కనీసం 12 గ్రంథులు పరీక్షించడం మంచిది. గ్రంథులకు పాకకపోతే ఒకటి లేక రెండవ స్టేజి. పాకితే మూడవది. కాలేయం, ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు చేరితే నాలుగవది. అయితే ఒకే స్టేజిలో ఉన్న ఇద్దరిలో ఒకరికి జబ్బు తిరిగి వస్తుంది, మరొకరికి రాదు. ఎందుకీ తేడా?

గడ్డలోని కాపలా కణాలు

మన తెల్ల రక్తకణాలలో టి-కణాలు అనేవి ఉన్నాయి. ఇవి ఊరి కాపలాదారుల వంటివి. కేన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపగలవు. గడ్డలోకి ఈ కణాలు ఎక్కువగా చేరినవారికి జబ్బు తిరిగి రావడం తక్కువని 2006లో పారిస్‌కు చెందిన జెరోమ్ గాలోన్ బృందం ప్రకటించింది. ఆ పరిశోధన నుండే ఇమ్యునోస్కోర్ అనే పరీక్ష పుట్టింది. ఇందులో సి.డి.3, సి.డి.8 అనే గుర్తులున్న టి-కణాలకు రంగు పట్టించి, గడ్డ నడుమ ఎన్ని ఉన్నాయో, అంచున ఎన్ని ఉన్నాయో కంప్యూటర్‌తో లెక్కిస్తారు.

2018లో 13 దేశాలకు చెందిన 2,681 మంది రోగుల గడ్డలను ఇలా పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. వీరంతా ఒకటి నుండి మూడు స్టేజిల వారు. ఆ దేశాలలో మన దేశం కూడా ఉంది. మొదట లెక్కించిన 700 మందిలో, ఐదేళ్ళలో జబ్బు తిరిగి వచ్చినవారు ఎక్కువ స్కోరు గుంపులో నూటికి 8 మంది, మధ్య స్కోరులో 19 మంది, తక్కువ స్కోరులో 32 మంది.

ఈ లెక్కను రెండు వైపులా చూడాలి. తక్కువ స్కోరు ఉన్నా ఎక్కువమందికి జబ్బు తిరిగి కనిపించలేదు. ఎక్కువ స్కోరు ఉన్నా కొందరికి వచ్చింది. కనుక స్కోరు తలరాత కాదు. స్టేజికి తోడుగా డాక్టరుకు దారి చూపే గుర్తు మాత్రమే. ఈ పరీక్ష అన్ని చోట్లా దొరకదు కూడా.

ఎమ్.ఎమ్.ఆర్. పరీక్ష

దీనికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నది ఎమ్.ఎమ్.ఆర్. పరీక్ష. కణంలోని జన్యు తప్పులను సరిదిద్దే నాలుగు ప్రోటీన్లు గడ్డలో ఉన్నాయో లేదో ఇందులో చూస్తారు. నూటికి సుమారు 15 మంది గడ్డల్లో ఈ మరమ్మతు లోపం ఉంటుంది. అలాంటి గడ్డల్లోకి టి-కణాలు సాధారణంగా ఎక్కువగా చేరతాయి. రెండవ స్టేజిలో ఈ లోపం ఉన్నవారికి జబ్బు తిరిగి వచ్చే అవకాశం తక్కువ. కొన్ని కుటుంబాలలో ఈ లోపం వంశపారంపర్యంగా వస్తుంది. అప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు కూడా డాక్టరు సలహా తీసుకోవాలి.

రక్తపరీక్ష రిపోర్టులో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ నిష్పత్తిని కూడా డాక్టర్లు గమనిస్తారు. కాని జ్వరం, చీము, స్టెరాయిడ్ మందుల వల్ల కూడా అది మారుతుంది. ఇంట్లో లెక్కలు వేసుకుని భయపడవద్దు.

గుర్తుంచుకోవలసినవి

1. పెథాలజీ రిపోర్టును పారవేయవద్దు. గడ్డ ముక్కను మైనంలో పొదిగి బ్లాకుగా లేబొరేటరీలో ఉంచుతారు. వేరే ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు దాని గురించి అడగండి. ఈ పరీక్షలు దానిమీదే చేస్తారు.

2. "స్టేజి ఎంత? ఎన్ని గ్రంథులు చూశారు? ఎమ్.ఎమ్.ఆర్. చేశారా?" అని డాక్టరు గారిని అడగండి. అడగడం తప్పు కాదు.

3. కీమో అవసరమని చెబితే ఆలస్యం చేయవద్దు. సాధారణంగా ఆపరేషన్ అయిన 8 వారాల లోపు మొదలుపెట్టాలి. స్కోరు బాగుందని మీ అంతట మీరు మానవద్దు.

4. ఐదేళ్ళ పాటు చెకప్‌లకు రండి. మొదటి రెండు మూడేళ్ళు 3 నుండి 6 నెలలకొకసారి సి.ఇ.ఎ. రక్తపరీక్ష, డాక్టరు చెప్పినప్పుడు సి.టి. స్కాన్, ఏడాదికి కొలనోస్కోపీ అవసరమవుతాయి. జబ్బు తిరిగి వచ్చినా ముందుగా కనిపెడితే కొందరికి మళ్ళీ ఆపరేషన్‌తో నయం చేయవచ్చు.

5. ఇమ్యూనిటీ పొడులు, కషాయాలు గడ్డలోకి టి-కణాలను పంపుతాయని రుజువు లేదు. ఆ డబ్బును చెకప్‌లకు దాచుకోండి. డాక్టరు అనుమతితో రోజూ నడవండి. కీమో తర్వాత మూడేళ్ళు క్రమంగా వ్యాయామం చేసినవారిలో జబ్బు తిరిగి రావడం తగ్గిందని 2025లో వెలువడిన పరిశోధన తెలిపింది.

కుట్లు మానిపోయాయి కదా, ఇక ఆసుపత్రితో పని లేదనుకోవద్దు. వచ్చే చెకప్ తేదీని ఈ రోజే క్యాలెండర్ మీద రాసుకోండి. సందేహం ఉంటే వార్డు సిస్టర్‌ని అడగండి.