నడివయస్సున ట్రాక్టరు నేర్చుకొనుట: బెదురు తీరు మార్గము

ఇరువదియేండ్లు ముల్లుగఱ్ఱ పట్టిన చేయి స్టీరింగుపై వణకుట వింతగాదు, సిగ్గుచేటును గాదు. అపాయము నెఱిగిన వయస్సు గనుకనే బెదురు కలుగును. బెదరి మానుకొన్నకొలది భయము ముదురును. కొంచెము కొంచెముగా సాధనచేసినకొలది తగ్గును.

కోడెను మొదటి దినముననే బరువుబండికి కట్టము గదా! అట్లే మొదట ఇంజను ఆపియుండగా క్లచ్చి, బ్రేకులు, గేర్లు కాలికిని చేతికిని అలవాటు కావలెను. పిమ్మట పైరులేని చదును పొలములో తక్కువ గేరున నడుపుటయు, ఆపుటయు నేర్వవలెను. ఆపుట చక్కగా వచ్చినచో సగము భయము తీరును. గుండె దడదడలాడినచో బండి నాపి, ఊపిరి మెల్లగా విడువుడు. ట్రక్కు తగిలించుటయు, కొమ్మమూరు కాలువకట్టపై పోవుటయు కడపటి పాఠములు. రోడ్డెక్కుటకు ముందు రెండు బ్రేకు పెడళ్లను కొక్కెముతో జతపఱుపుడు. లేనిచో ఒక్క చక్రమే పట్టి బండి ప్రక్కకు తిరుగును.

రోడ్డుపై సాధనకు లెర్నరు లైసెన్సును, లైసెన్సుగల శిక్షకుని తోడును తప్పనిసరి. 1988 చట్టము ప్రకారము అది 6 నెలలు చెల్లును. 1989 నిబంధనల ప్రకారము 30 దినములు నిండక పరీక్షకు పోరాదు. చట్టమే ఇంత గడువిచ్చుచుండగా, ఇరుగుపొరుగువారి నవ్వులకు తొందరపడనేల?