బస్తా యూరియా బరువు గాలిలో ఎంత?

ప్రశ్న: మాకు వరి, పత్తి రెండూ ఉన్నాయి. వాతావరణానికి ఏది ఎక్కువ చేటు? లెక్క ఎలా కట్టాలి? – ఒక రైతు, పరకాల

జవాబు: ముందు పంటవారీగా యూరియా బస్తాలు, మోటారు నడిచిన గంటలు, డీజిలు, పురుగుమందులు, దిగుబడి ఒక పుస్తకంలో రాసుకోండి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని దాదాపు 21 కిలోలు. అందులో నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుందని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ సాధారణ అంచనా. వంతు చిన్నదే. కానీ నూరేళ్ల లెక్కన ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అంటే నత్రజనితో కలిసే ఆక్సిజన్ బరువూ కలుపుకుంటే, బస్తాకు సుమారు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఫ్యాక్టరీలో తయారీకి అయ్యేది వేరే.

వరిలో అసలు భారం మీథేన్. మడిలో నీళ్లు నిలిచినన్నాళ్లూ అది పుడుతూనే ఉంటుంది. అందుకే వాతావరణం లెక్కలో మామూలుగా వరిదే ఎక్కువ చేటు. మడిలో చిల్లుల పైపు పాతి, నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ పెట్టండి. పూత దశలో మాత్రం ఆరనివ్వొద్దు. మీథేన్ బాగా తగ్గుతుంది, మోటారుకూ పని తగ్గుతుంది.

అలాగని పత్తి మంచిదనుకుంటే పొరపాటే. పురుగుమందుల నష్టం కార్బన్ లెక్కకు అందదు. దాన్ని భరించేది నేల, నీరు, మందు కొట్టే మనిషి. రసాయనాలు మానేసిన ఊరిగా పేరొందిన ఏనబావి పక్కనే జనగామ జిల్లాలో ఉంది. ఒకసారి వెళ్లి చూడండి. పత్తి కట్టెను మాత్రం కాల్చకండి, ముక్కలు చేయించి దున్నించండి.